ఆంధ్రా పారిస్‌లో కుక్కల కొట్టు

తెనాలి వెళ్ళివచ్చి వ్యాసం రాసేవారికి సామగ్రి కొదవలేదు. ఊరి మధ్యనుంచి పోయే మూడు కాలవలున్నాయి. వాటివల్లనే దీనికి ఆంధ్రా పారిస్ అనే పేరు వచ్చింది. 1942 ఆగస్టు 12న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నవారి గుర్తుగా రణరంగ చౌకు వుంది. ఇనప తుక్కును నిలువెత్తు విగ్రహాలుగా మలిచే శిల్పులున్నారు. కొడవటిగంటి కుటుంబరావుగారు పుట్టిన ఊరనీ, చక్రపాణిగారి ఊరనీ చెప్పుకుంటూ నాబోటి తెలుగు పంతులు నాలుగు పేజీలు సునాయాసంగా నింపవచ్చు. నేనూ ఆ ఉద్దేశంతోనే మొన్న వేసవి సెలవుల్లో బయల్దేరాను. తీరా వెళ్ళాక నా మూడు సాయంకాలాలూ ఒక కుక్కల కొట్టులో గడిచిపోయాయి. అంచేత పాఠకులు ఈసారికి దానితోనే సరిపెట్టుకోవాలి.

మా మిత్రుడొకడు తెనాలిలో బ్యాంకు ఉద్యోగి. వాళ్ళింట్లో టైగరు అనే కుక్క వుంది. పేరు విని ఎవరూ జడుసుకోనక్కర్లేదు. దానికి పదమూడేళ్ళు నిండాయి, ముందుపళ్ళు ఊడాయి. నన్ను చూసి మొరగబోయి, మధ్యలో మనసు మార్చుకుని పడుకుంది. జాతి అంటూ ఏమీలేని ఊరకుక్క. దాని మూత్రపిండాలు దెబ్బతిన్నాయని ఆ మధ్య పశువుల డాక్టరు చెప్పాడట. అటువంటి జంతువులకి మాంసకృత్తులూ, భాస్వరమూ తగ్గించి చేసిన తిండి వేరే వుంటుంది. మా మిత్రుడి ఎరుకలో అది తెనాలిలో ఒక్కచోటే దొరుకుతుంది. “పద, నడిచి వెడదాం. నువ్వూ చూద్దువుగాని” అన్నాడు.

మే నెల కావడంచేత కాలవలకి నీళ్ళు కట్టేశారు. అడుగున అక్కడక్కడ మడుగులు మాత్రం మిగిలి, వాటి చుట్టూ కొంగలు నిలబడి వున్నాయి. పారిస్ అన్నమాట ఆ నెలల్లో కాస్త మొహమాటంగానే వినిపిస్తుంది. గట్టు దిగి రెండు సందులు తిరిగితే కొట్టు. బోర్డుమీద ‘పెట్ బొటీక్’ అని అందమైన అక్షరాలున్నాయి. ఊళ్ళో ఒక్కరూ ఆ పేరు వాడరు. ఆటోవాణ్ణి అడిగితే “కుక్కల కొట్టా అండీ?” అంటాడు. మొదట్లో ఆవిడకి ఈ పేరు నామోషీగా తోచిందట. బొటీక్ అనేది ఫ్రెంచి మాట అనీ, ఆ భాషలో దానికి ముందునుంచీ వున్న అర్థం కొట్టు అనేననీ, కాబట్టి తెనాలి జనం చేసిన అనువాదం నిర్దుష్టంగా వుందనీ నేను చెప్పాను. ఆవిడ నవ్వి, “అయితే బోర్డు మార్చే ఖర్చు తప్పింది మాష్టారూ” అంది.

ఆవిడకు నలభై ఏళ్ళుంటాయి. 2019లో పుస్తెలతాడు తప్ప మిగిలిన బంగారం కుదువపెట్టి ఈ కొట్టు తెరిచింది. భర్తకి వేరే చిన్న ఉద్యోగం. కొట్టు వెడల్పు పది అడుగులు. గోడవారన బస్తాలు, పైన మేకులకి మెడపట్టీలు, గొలుసులు, మువ్వలు, దువ్వెనలు, అద్దాల బీరువాలో పేలమందు, పురుగుల మందు, షాంపూలు. ఓ మూల సంచుల్లో ఇసక. ఇంట్లో పెంచే పిల్లులు దొడ్డికి పోవడానికి పళ్ళెంలో పోసే ఇసక అది. అసలు అది ఇసక కాదు, తడి పీల్చి గడ్డకట్టే బెంటొనైట్ అనే బంకమన్ను. ఎరువుల కొట్టనుకుని లోపలికి వచ్చిన ఓ ముసలి రైతు దాని ధర విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “కృష్ణ ఒడ్డున పుట్టి ఇసక కిలో లెక్కన కొంటున్నారంటమ్మా!” అని, ఆ వార్త ఎవరికో చెప్పాలన్న తొందరతో వెళ్ళిపోయాడు.

డాల్డా అంటే వనస్పతి అయినట్టు, ఈ ఊళ్ళో ఏ కంపెనీ తిండి అయినా ‘పెడిగ్రీ’యే. ఎక్కువమంది సంచీ పట్టుకుని వచ్చి, అరకిలో, కిలో విడిగా తీసుకుంటారు. ఇరవై కిలోల బస్తా విప్పాక గాలి తగిలితే అందులో కొవ్వు చేదెక్కుతుంది, కుక్క ముట్టదు. అందుకని ఆవిడ బస్తా విప్పిన రోజునే మూత గట్టిగా పట్టే డబ్బాల్లోకి దించి, డబ్బామీద సుద్దముక్కతో తేదీ వేస్తుంది. పదిరోజుల్లో అమ్ముడుపోకపోతే ఆ డబ్బా వీధికుక్కల వంతు. సాయంకాలం ఏడు గంటలకి అవి వరసగా వచ్చి మెట్లకింద కూర్చుంటాయి. వాటికి తేదీలు ఎవరు చెబుతారో నాకు బోధపడలేదు.

గుమ్మంలోనే కాటా బల్ల వుంది. అసలు వ్యాపారం దానిమీదే జరుగుతుందని నా అభిప్రాయం. కుక్కని తెచ్చినవారెవరైనా ముందు దాన్ని కాటా ఎక్కించాలి. తూనిక ఖాతా పుస్తకంలో ఎక్కుతుంది. మామూలు కొట్లలో ఖాతా మనుషుల పేరుతో వుంటుంది. ఇక్కడ జంతువుల పేరుతో. ‘సీజరు, నాజరుపేట’ అని ఒక పేజీ. ‘చిట్టి, పిల్లి, మూడో మేడ’ అని మరొకటి. వయసు, తూనిక, వేసిన టీకాలు, వేయవలసినవి, ఆఖరున బాకీ. నెలరోజులు ఎవరైనా రాకపోతే ఆవిడే ఫోను చేస్తుంది. బాకీ కోసమనుకుని కొందరు ఫోను తీయరట. తీరా తీస్తే, “మన సీజరుకి పిచ్చికుక్క టీకా ఏడాది దాటింది అన్నయ్యా” అంటుంది. పాశ్చరు 1885లో ఆ టీకా మొదటిసారి ఒక పిల్లవాడికి వేసిన జూలై 6వ తేదీన ప్రభుత్వ పశువైద్యశాలల్లో కుక్కలకి ఉచితంగా టీకాలు వేస్తారు. దానికి వారం ముందునుంచీ ఆవిడ పుస్తకం దగ్గరపెట్టుకుని పేజీ పేజీకీ ఫోను చేస్తుందని మా మిత్రుడు చెప్పాడు. అందులో పైసా రాబడి లేదు.

రాబడి సంగతికి వస్తే, అది నానాటికీ సన్నగిల్లుతోంది. నేను చూస్తుండగానే ఒక కుర్రవాడు ఫోను తెరిచి, అదే సంచీ అందులో ఎంత తక్కువకి వస్తోందో చూపించాడు. ఆవిడ కొనే ధరకన్న అది తక్కువ. కోపగించుకోలేదు. “ఆ ఫోను నీ కుక్కని చూసిందా తమ్ముడూ? నువ్వు తీసుకునేది పెద్దవాటికి. నీది నాలుగు నెలల పిల్ల. ఎక్కడ కొన్నా సరే, పిల్లలది కొను” అంది. అతను సిగ్గుపడి అరకిలో తీసుకున్నాడు. పెద్ద సంచీ ఫోనులోనే తెప్పించుకుంటాడని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. సలహా మాత్రం ఇక్కడ ఉచితం.

సలహాలు అన్నాను కాబట్టి పిల్లి సంగతి చెప్పాలి. తెనాలి పేరు చెప్పగానే రామలింగడూ, ఆయన పెంచిన పిల్లీ జ్ఞాపకం రాని తెలుగువాడు వుండడు. రాయలవారు పిల్లితో పాటు పాలకోసం ఆవునుకూడా ఇచ్చారనీ, ఈయన మొదటిరోజే కాగేపాలు పెట్టి దాని మూతి కాల్చాడనీ, ఆపైన పిల్లి పాలగిన్నె చూస్తే పారిపోయేదనీ కథ. ఇది నేను అక్కడ ఎత్తితే ఆవిడ తలాడించి, “మూతి కాల్చడం పాపమే గాని, పాలు మానిపించడం మంచిదే మాష్టారూ” అంది. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలలోని చక్కెర అరగదు, విరోచనాలు పట్టుకుంటాయి. తరతరాలుగా మనం పిల్లికి పాలు పోసి పుణ్యం కట్టుకున్నామనుకుంటున్నాం. పైగా పిల్లి అచ్చమైన మాంసాహారి. కుక్క పెరుగన్నంతో ఎలాగో రోజులు నెట్టుకొస్తుంది. పిల్లి అలా బతకలేదు. మాంసంలో వుండే టారిన్ అనే పదార్థం అందకపోతే దానికి చూపూ, గుండే దెబ్బతింటాయి. ఉల్లిపాయ కూడా తినని ఒక ఇంటివారు తెల్లని పర్షియన్ పిల్లిని తెచ్చి, శాకాహారం అలవాటు చేస్తామని వచ్చారట. “అయితే కుందేలుని పెంచండి పిన్నిగారూ” అని పంపించేసింది.

రామచిలక కావాలని వచ్చేవాళ్ళు ఇప్పటికీ వున్నారు. మన సాహిత్యంలో చిలకలేని అంతఃపురం లేదు. పాలవేకరి కదిరీపతి శుకసప్తతిలో కథలన్నీ చెప్పేది పంజరంలోని చిలకే. అయినా 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం మన దేశపు చిలకల్ని పట్టడం, అమ్మడం, ఇంట్లో పెంచడం అన్నీ నేరాలే. చాటుగా అమ్ముతారు, చాటుగా కొంటారు. చెట్టుతొర్రలో చెయ్యిపెట్టి ఈకలు రాని పిల్లల్ని తీసేవాడి చేతిలో ఎన్ని చచ్చి ఒకటి పంజరానికి చేరుతుందో కొనేవాడికి కనిపించదు. ఆవిడ దగ్గర చిలకలు లేవు. బజార్లో ‘లవ్ బర్డ్స్’ అంటూ అమ్మే పచ్చని, నీలపు బుల్లి పిట్టలు కూడా లేవు. అన్నట్టు, మనవాళ్ళు లవ్ బర్డ్స్ అనేవి చాలామట్టుకు ఆ పిట్టలు కావు. అవి ఆస్ట్రేలియా నుంచి వచ్చిన బడ్జీలు. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికావి. ముక్కుపైన బుడిపె నీలంగా వుంటే మగది, గోధుమరంగైతే ఆడదీ అని బడ్జీని పోల్చుకోవచ్చు. వాటికి గింజలు మాత్రం ఆవిడ అమ్ముతుంది.

అంటే, జంతువుల కొట్టులో జంతువు లేదన్నమాట. ఇది ఊరివారికి మింగుడుపడని సంగతి. గుమ్మంలోకి వచ్చేవాళ్ళలో సగంమంది మొదట అడిగేది “పిల్ల ఎంత?” అనే. లేవంటే వెనక్కి తిరుగుతారు. 2018లో వచ్చిన కేంద్రం నిబంధనల ప్రకారం ప్రాణుల్ని అమ్మే కొట్టు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు కావాలి. ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లనీ, పిల్లిపిల్లనీ అమ్మకూడదు. “మీరూ నమోదు చేయించుకుని అమ్మవచ్చు కదా?” అని అడిగాను. ఆవిడ కాసేపు దువ్వెనలు సర్దింది.

“అమ్మవచ్చండీ. పట్నంలో అమ్మినవాడు అమ్మినదాన్ని మళ్ళీ చూడడు. ఇక్కడ అలా కాదు. అది రోజూ ఈ వీధిలోనే నా ముందునుంచి పోవాలి. బక్కచిక్కితే నాకు తెలుస్తుంది. గొలుసుతో మిద్దెమీద కట్టేస్తే తెలుస్తుంది. కాలవగట్టున వదిలేస్తే పొద్దున్నే నా మెట్లదగ్గరికే వస్తుంది. ఆ లెక్క ఎక్కడ రాసుకోను?” అంది.

అది ఊహించి చెప్పిన మాట కాదు. 2020లో కరోనా వచ్చి అందరూ ఇళ్ళలో కూర్చున్నప్పుడు ఊళ్ళో కుక్కలు కొన్నవాళ్ళు బాగా పెరిగారు. ఆవిడ కొట్టు నిలదొక్కుకున్నదీ అప్పుడే. ఆఫీసులు తెరిచాక వాటిలో కొన్ని వీధిన పడ్డాయి. మెడకి పట్టీతో సహా వచ్చి మెట్లకింద కూర్చున్నాయి. అందులో ఒక పట్టీ తను అమ్మిందేనట.

కుక్కల్లో కూడా చీరల్లాగే ఫ్యాషన్లుంటాయి. 2003లో ఒక టెలిఫోను కంపెనీ ప్రకటనలో పిల్లవాడి వెనకాల నడిచిన బుల్లి పగ్ దేశమంతటినీ మోహింపజేసింది. దాని ముక్కు నొక్కుకుపోయి వుంటుంది. ఊపిరి తీయడమే కష్టం. కుక్కకి మనలాగ ఒళ్ళంతా చెమటపట్టదు. రొప్పితేనే ఒంట్లో వేడి దిగుతుంది. సరిగా రొప్పలేని జంతువుని కృష్ణా డెల్టా ఎండలో పెంచడం ఏ శాస్త్రమో! ఇప్పుడు హస్కీల కాలం. సైబీరియా మంచులో బండ్లు లాగిన జాతి అది. రెండు పొరల బొచ్చు. మే నెలలో దాన్ని ఏసీ గదిలో పెడతారు. కరెంటు పోతే తడిగుడ్డలతో విసురుతారు. బొచ్చు గొరిగించేద్దామా అని అడగడానికి వచ్చేవాళ్ళకి ఆ బొచ్చే ఎండనుంచి కూడా కాపాడుతుందని చెప్పలేక ఆవిడ గొంతు పోతోంది.

రెండో సాయంకాలం మేము వెళ్ళేసరికి ఒకాయన కూతురితో నిలబడి వున్నాడు. పిల్లకి ఏడెనిమిదేళ్ళుంటాయి. ఆయన చేతిలో సగం తిన్న తిండి సంచీ, కొత్త స్టీలు గిన్నె వున్నాయి. మా మిత్రుడు నా చెవిలో సంగతి చెప్పాడు. రెండువారాల క్రితం ఒక దళారి ద్వారా హస్కీ పిల్లని తెప్పించాడట. రెండు నెలలదని, టీకా అయిందని దళారి అన్నాడు. టీకా కార్డు మాత్రం లేదు. మర్నాడు తూనికకి తెస్తే ఆవిడ నోరు తెరిచి చూసి, ముందుపళ్ళే పూర్తిగా రాలేదు, అయిదువారాలు మించి వుండదు, తక్షణం డాక్టరు దగ్గరికి వెళ్ళమంది. నాలుగో రోజుకి వాంతులు, నెత్తురు విరోచనాలు. పార్వో అనే వైరస్ జబ్బు అది. సెలైన్ ఎక్కించారు. రెండు రాత్రులు ఆయనా, కూతురూ ఆస్పత్రి బల్లదగ్గరే కూర్చున్నారు. మూడో తెల్లవారుజామున పోయింది.

ఆయన సంచీ బల్లమీద పెట్టి, “ఇది ఇంకెవరికైనా పనికొస్తుందేమోనమ్మా” అన్నాడు. ఆవిడ కాటా వేసి, మిగిలిన తిండికే కాక మొత్తం సంచీకి డబ్బు లెక్కపెట్టి ఇచ్చింది. ఆ తిండిని మరే కుక్కకీ పెట్టడానికి వీల్లేదని నాకు తర్వాత తెలిసింది. ఆయన డబ్బు జేబులో పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకుని, “ఆ మనిషి ఇంకో పిల్లని సగం ధరకి ఇస్తానంటున్నాడు. పాప బెంగపెట్టుకుంది. ఈ వారంలోనే...” అన్నాడు.

“వద్దు బాబాయ్‌గారూ” అంది ఆవిడ. ఆ వైరస్ ఇంటి మట్టిలో నెలల తరబడి బతికే వుంటుంది. టీకాలు పూర్తికాని పిల్ల ఆ గడప తొక్కితే అదీ దక్కదు. నేలంతా బ్లీచింగు నీళ్ళతో కడగాలి. ఏడాది ఆగాలి. అప్పటికీ పెంచాలనిపిస్తే, టీకాలన్నీ అయిన ఊరకుక్కని తనే చూసిపెడుతుంది. డబ్బేమీ అక్కర్లేదు. ఆయన ఏమీ అనలేదు. పాప మేకుకి వేలాడుతున్న ఎర్ర పట్టీకున్న మువ్వని వేలితో తాకుతూ వుంది. ఆవిడ ఆ పట్టీ తీసి ఇస్తుందేమోనని నేను చూశాను. ఇవ్వలేదు. ఖాతా పుస్తకం తెరిచి, “నీ పేరు రాయనా? వచ్చే వేసవికి నీ పేజీ ఇదే” అని ఖాళీ పేజీమీద పాప పేరు రాసింది. పాప వంగి అక్షరాలు సరిచూసుకుంది.

మూడోనాడు అదే దళారి వచ్చాడు. చొక్కా మడత నలగని, మాట మెత్తని మనిషి. ఈ మాటలు నా ఎదుటే జరిగాయి. కొట్టుకి ఎడమవైపు గోడంతా బోనులు తనే పెట్టిస్తాడట. పిల్లల్ని తనే తెస్తాడట. అమ్మినదానిమీద ఆవిడకి ఇంతని. నెలకి రెండు అమ్ముడుపోయినా అద్దె వెళ్ళిపోతుంది. జూన్ నుంచి ఇంటివారు అద్దె పెంచుతున్న సంగతి అతనికెలా తెలిసిందో మరి. “పోయినవాటి సంగతేమిటి?” అని ఆవిడ అడిగింది. “అది మా పూచీ అండీ. మీ గడపదాకా రానివ్వం” అన్నాడు.

“నిన్ననే వచ్చింది” అంది ఆవిడ.

అతను అర్థం కానట్టు మొహం పెట్టి, మజ్జిగ తాగి, ఆలోచించుకోమని ఫోను నంబరు రాసిన చీటీ బల్లమీద పెట్టి వెళ్ళాడు. ఆవిడ భర్త అప్పుడే వచ్చి గుమ్మంలో నిలబడి వున్నాడు. “రెండు నెలలు చూడకూడదూ? తర్వాత మానేద్దాం” అన్నాడు నెమ్మదిగా. అతన్ని తప్పుపట్టలేను. కుదువపెట్టిన గాజులు ఇంకా విడిపించలేదు. కొడుకు ఇంటర్లో చేరబోతున్నాడు. ఆవిడ సమాధానం చెప్పకుండా చీటీ వెనకవైపున ఏదో లెక్కవేసింది. ముందుగది ఖాళీచేసి, వెనకాల వున్న చిన్నగదిలోకి మారితే అద్దె సగమవుతుంది. వీధిలోంచి కనబడదు. బస్తాలు పట్టవు. కాటా మాత్రం పడుతుంది. ఆ లెక్క భర్త చేతిలో పెట్టింది. అతను రెండుసార్లు కూడి చూసి, “బోర్డు ఎక్కడ పెడతావు?” అన్నాడు. “పెట్టను. కుక్కల కొట్టంటే ఆటోవాళ్ళు తీసుకొస్తారు” అంది.

నేను లేవబోతున్నాను. పదమూడేళ్ళ కుర్రవాడొకడు ప్లాస్టిక్ బకెట్టు మోసుకుంటూ వచ్చాడు. తొట్టిలో పాచి తింటుందని ఎవరో చెబితే రెండంగుళాల సక్కర్ చేప కొన్నారట. ఇప్పుడది అడుగు పైన వుంది, మిగతా చేపల్ని బతకనివ్వడంలేదు. వాళ్ళ నాన్న కాలవలో పారెయ్యమన్నాడు. దారిలో గుర్తొచ్చి ఇటు వచ్చాడు. దక్షిణ అమెరికా నదుల చేప అది. ఒళ్ళంతా పలకల్లాంటి పొలుసులు, రెక్కలకి ముళ్ళు. మడుగులో నీరు చెడినా పైకి వచ్చి గాలి మింగి బతుకుతుంది. ఇలా తొట్లలోంచి పారబోసినవే పెరిగి, కృష్ణలో వలలు చింపుతున్నాయి. జాలరులు దాన్ని దెయ్యం చేప అంటారు. ఆవిడ బకెట్టులోకి తొంగిచూసి, “నాన్నతో కాలవలో వేశానని చెప్పకు, నాకిచ్చానని చెప్పు” అంది. పెరట్లో సిమెంటు తొట్టి వుంది. మేమంతా వెళ్ళి చూశాం. అందులో అప్పటికే అలాంటివి నాలుగున్నాయి. అయిదోదాన్ని వదలగానే అది అడుగుకి పోయి, గోడకి నోరు ఆనించి, కదలకుండా వుండిపోయింది. “వెనకగదికి మారితే వీటికి దగ్గరవుతాను” అంటూ ఆవిడ బకెట్టు కడిగి కుర్రవాడికి తిరిగి ఇచ్చేసింది.